గిడ్డంగి కట్టకముందే సరుకుల లెక్క
(కంప్యూటర్ విజ్ఞానం శీర్షిక)

కంప్యూటర్ మెమరీని పేజీలుగా విభజించుకొని వాడుకొనే విధానాన్ని గురించి గత సంచికలో ముచ్చటించుకున్నాం. ఆ వ్యాసం చదివిన మిత్రులు కొందరు ఒక మంచి సందేహాన్ని లేవనెత్తారు. "ప్రోగ్రాములన్నింటికీ మెమరీని పంచిపెట్టేది కెర్నెల్ అన్నారు, బాగున్నది. మరి కెర్నెల్ తాను పుట్టీపుట్టగానే తనకు కావలసిన మెమరీని ఎవరి దగ్గర తెచ్చుకుంటుంది?" అన్నది వారి ప్రశ్న. చూడటానికి చిన్నదే అయినా ఈ ప్రశ్న ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాతలను ఏళ్ళ తరబడి ఆలోచింపజేసింది. ఈ నెల వ్యాసాన్ని దీనికే కేటాయిస్తున్నాం.

వివరణ కోసం లినక్స్ కెర్నెల్‌ను తీసుకుందాం. దాని మూలరచన అందరికీ అందుబాటులో ఉన్నది కనుక లోపల ఏమి జరుగుతున్నదో ఊహించవలసిన అవసరం లేదు, చదివి తెలుసుకోవచ్చు. అదిగాక సర్వర్లలోను, ఆండ్రాయిడ్ ఫోన్లలోను, సీడ్యాక్ సంస్థ రూపొందించిన బాస్ అనే భారతీయ ఆపరేటింగ్ సిస్టమ్‌లోను ఉన్నది ఈ కెర్నెలే.

ఒకదానికొకటి అడ్డం

ప్రాజెక్టు దశలో పనిచేసిన మన పెద్దలకు ఈ సమస్య సులభంగా బోధపడుతుంది. ఈనాడు టౌన్‌షిప్‌లో క్వార్టరు కావాలంటే ఎస్టేట్ విభాగానికి దరఖాస్తు పెట్టుకుంటాం. వారి దగ్గర రిజిస్టరు ఉన్నది, ఖాళీల పట్టిక ఉన్నది, కేటాయింపుల నియమావళి ఉన్నది. కాని ఆ విభాగానికే గది, బీరువా, రిజిస్టరు లేని రోజు ఒకటి ఉండి తీరాలి కదా! ఆనాడు తొలి రేకుల షెడ్డు ఎక్కడ వేయాలో ఎవరు నిర్ణయించారు? ఆ షెడ్డును ఏ పద్దులో వ్రాశారు?

కెర్నెల్‌లో ఎస్టేట్ విభాగం వంటి శాశ్వత వ్యవస్థకు బడ్డీ పద్ధతి అని పేరు. అది పనిచేయాలంటే మెమరీలోని ప్రతి పేజీకి ఒక చిన్న వివరపత్రం ఉండాలి. ఆ పేజీ ఖాళీగా ఉన్నదా, ఎవరి అధీనంలో ఉన్నది, ఎందరు వాడుకొంటున్నారు అన్న సంగతులు అందులో నమోదవుతాయి. 64 బిట్ల యంత్రాలలో ఈ వివరపత్రం సాధారణంగా 64 బైట్లు ఉంటుంది. పేజీ పరిమాణం 4,096 బైట్లు. ఈ లెక్కన 16 గిగాబైట్ల యంత్రంలో 41,94,304 పేజీలుంటాయి. వాటి వివరపత్రాలకే 256 మెగాబైట్లు కావాలి.

ఇక్కడే చిక్కు వచ్చిపడుతుంది. మెమరీని కేటాయించే వ్యవస్థ నిలబడాలంటే 256 మెగాబైట్ల మెమరీని ముందుగా ఎవరో దానికి కేటాయించాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్న సామెత ఇటువంటి సందర్భానికే పుట్టింది.

వివరపత్రాలతోనే పని తీరదు. వర్చువల్ చిరునామాలను అసలు చిరునామాలుగా మార్చే పేజీ పట్టికలకు చోటు కావాలి. ఒక్కొక్క ప్రాసెసర్‌కు విడివిడిగా ఉండవలసిన సొంత సమాచారానికి చోటు కావాలి. ఫైళ్ళ పేర్లను త్వరగా వెదకటానికి వాడే పెద్ద పెద్ద హ్యాష్ పట్టికలకు చోటు కావాలి. ఇవన్నీ శాశ్వత వ్యవస్థ తలుపులు తెరవకముందే దరఖాస్తు పట్టుకొని నిలబడే అభ్యర్థులు. అందుకే కొద్దికాలంపాటు పనిచేసి తప్పుకొనే తాత్కాలిక కేటాయింపుదారు ఒకరు అవసరమయ్యారు.

మొదట సర్వే

స్థలం కేటాయించాలంటే ముందు స్థలమెంత ఉన్నదో తెలియాలి. యంత్రంలో ఎంత మెమరీ ఉన్నది, అది ఏ చిరునామాల వద్ద ఉన్నది అన్నది కెర్నెల్‌కు పుట్టుకతో తెలియదు. ఈ సమాచారాన్ని ఫర్మ్‌వేర్ అందించాలి. ఫర్మ్‌వేర్ అంటే మదర్‌బోర్డుపై చిప్‌లో స్థిరంగా ఉండే తొలి ప్రోగ్రాము.

పాత తరహా పర్సనల్ కంప్యూటర్లలో బయోస్‌లోని ఈ820 అనే సేవ ద్వారా ఈ పట్టీ వస్తుంది. నేటి యంత్రాలలో యూఈఎఫ్ఐ అనే ఫర్మ్‌వేర్ ఇస్తుంది. ఆర్మ్, రిస్క్-ఫైవ్ ప్రాసెసర్లు గల బోర్డులలో చాలావరకు డివైస్ ట్రీ అనే వివరణ ఫైలులో ఇది వ్రాసి ఉంటుంది. ఐఐటీ మద్రాసు రూపొందించిన శక్తి ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ కుటుంబానికి చెందినవే.

ఈ పట్టీని చూస్తే మెమరీ ఒకే పొడుగాటి పొలంలా ఉండదన్న సంగతి తెలుస్తుంది. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ నాటి ఏర్పాటును అనుసరించి 640 కిలోబైట్ల నుండి 1 మెగాబైటు వరకు ఉన్న 384 కిలోబైట్ల చిరునామాలు తెర మెమరీకి, బయోస్‌కు చెందుతాయి. 4 గిగాబైట్లకు కొంచెం దిగువన కొన్ని చిరునామాలు నెట్‌వర్క్ కార్డు వంటి పరికరాలకు పోతాయి. అందువలన 16 గిగాబైట్ల యంత్రంలో కొంత మెమరీ ఆ అడ్డంకికి దిగువన, మిగిలినది 4 గిగాబైట్లకు ఎగువన రెండు పెద్ద ముక్కలుగా కనబడుతుంది. వాటి నడుమ చిన్నచిన్న ముక్కలు ఇది వాడుకోవచ్చు, ఇది వాడరాదు, ఇది చదివిన తరువాత వాడుకోవచ్చు అన్న గుర్తులతో ఉంటాయి.

ఈ పట్టీ ఎప్పుడూ నిర్దోషంగా ఉంటుందన్న హామీ లేదు. ఒక ముక్క మరొకదానిపై పడటం, వరుస తప్పటం కద్దు. అందుచేత కెర్నెల్ మొట్టమొదట ఆ పట్టీని వరుసలో పెట్టి, ఒకదానిపై ఒకటి పడినచోట కఠినమైన గుర్తునే ఖాయం చేస్తుంది. ఒకే స్థలాన్ని ఒక పంక్తి ఖాళీ అని, మరొక పంక్తి వాడరాదు అని చెబితే వాడరాదు అన్న మాటే చెల్లుతుంది. మన భూసేకరణ విభాగం వారు వివాదంలో ఉన్న సర్వే నెంబరును పక్కనపెట్టినట్లే ఇదీను.

ఎవరెవరు ముందే ఉన్నారు?

ఇక రెండవ మెట్టు. సర్వేలో ఖాళీ అని తేలిన స్థలమంతా నిజంగా ఖాళీ కాదు. ఫర్మ్‌వేర్ దృష్టిలో అది వాడుకోదగిన మెమరీయే. కాని అప్పటికే అందులో కొందరు కూర్చొని ఉన్నారు.

వారిలో మొదటివాడు కెర్నెలే. బూట్ లోడర్ దానిని తెచ్చి మెమరీలో ఒకచోట ఉంచింది. రెండవది ఇనిట్ఆర్‌డీ అనే తాత్కాలిక డిస్కు ప్రతిబింబం. అసలు డిస్కును గుర్తించటానికి కావలసిన డ్రైవర్లు ఇందులో ఉంటాయి. మూడవది బూట్ లోడర్ అందించిన ఆజ్ఞల వరుస, యంత్ర వివరాలు. నాలుగవది ఫర్మ్‌వేర్ వదిలివెళ్ళిన పట్టికలు. వీటిలో ప్రతి ఒక్కదానిని కెర్నెల్ తన పద్దులో 'ఆక్రమితం' అని వ్రాసుకోవాలి. ఈ పని పూర్తయిన తరువాతనే మొదటి కేటాయింపు జరగాలి. ఈ శాస్త్రానికంతటికీ మూలసూత్రం ఇదే: ముందు ఆక్రమితాల నమోదు, ఆ తరువాతనే కేటాయింపు.

ఈ వరుస తప్పితే ఏమవుతుంది? ఇనిట్ఆర్‌డీని నమోదు చేయటం మరచారనుకోండి. తాత్కాలిక కేటాయింపుదారు ఆ చోటును ఖాళీగా భావించి ఒక పేజీ పట్టికకు ఇచ్చివేస్తుంది. ఆ పట్టికను వ్రాసేటప్పుడు డిస్కు ప్రతిబింబంలో కొంత భాగం చెరిగిపోతుంది. ఆ క్షణాన ఎవరికీ ఏమీ తెలియదు. కొన్ని సెకన్ల తరువాత, కెర్నెల్ అసలు డిస్కును తెరవబోయినప్పుడు, మూల ఫైల్ వ్యవస్థ దొరకలేదంటూ యంత్రం నిలిచిపోతుంది. మరమ్మతుకు వచ్చినవారు డిస్కును అనుమానిస్తారు, కేబులును మారుస్తారు. దోషం మాత్రం ఎక్కడో మెమరీ పద్దులో ఒక పంక్తి లోపించటంలో ఉన్నది. ఈ ప్రమాదాన్ని ఎరిగినవారు కనుకనే, తాత్కాలిక డిస్కు చెరిగిపోయింది, దానిని వాడటం లేదు అని హెచ్చరించే ఒక తనిఖీని కెర్నెల్ రచయితలు లోపల చేర్చారు.

ఆదిలోనే హంసపాదు అన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. తరువాతి దశలలో పొరపాటు జరిగితే దానిని పట్టుకొనే సాధనాలుంటాయి. లాగ్ ఫైలు ఉంటుంది, తెరపై సందేశం వస్తుంది, తప్పు చేసిన ప్రోగ్రామును ఆపివేసి తక్కిన పని సాగించవచ్చు. ఈ తొలిదశలో డిస్కు లేదు, చాలాసార్లు తెర కూడా సిద్ధంగా ఉండదు. మెమరీ దొరకకపోతే మరొకరి దగ్గర లాక్కొనే అవకాశమూ లేదు. అక్కడికక్కడ ఆగిపోవటమే గతి. ఆగిపోవటం నయమే, ఎందుకంటే ఆగిన యంత్రం తన లోపాన్ని తానే చాటుకుంటుంది. ఆగకుండా తప్పుడు పద్దుతో ముందుకు సాగిన యంత్రమే అపాయకరమైనది.

మూడు తరాల పద్దు పుస్తకాలు

ఈ తాత్కాలిక కేటాయింపుదారు ఒక్కనాటితో ఈ రూపానికి రాలేదు. లినక్స్ చరిత్రలో మూడు తరాలు కనబడతాయి.

మొదటి తరం పద్ధతి పరమ సరళం. కెర్నెల్ ముగిసిన చోటు నుండి ఖాళీ మొదలవుతుందని భావించి, ఆ ఆరంభ చిరునామాను ఒక చీటీపై వ్రాసుకొనేవారు. ఆ చీటీ ఒక విభాగం నుండి మరొక విభాగానికి చేతులు మారేది. ప్రతి విభాగం తనకు కావలసినంత తీసుకొని, చీటీపై అంకెను అంతమేరకు పెంచి తిరిగి ఇచ్చేది. 1999 జనవరిలో వెలువడిన 2.2 కెర్నెల్ వరకు ఇదే నడిచింది. మెమరీ చిన్నది, యంత్రాలు సాదావి అయినన్నాళ్ళు దీనితో ఇబ్బంది లేకపోయింది. కాని తీసుకున్నదానిని తిరిగి ఇచ్చే మార్గం ఇందులో లేదు. మెమరీ పలు ముక్కలుగా ఉన్న యంత్రాలకు, ప్రాసెసర్ల సమూహానికి ఒక్కొక్క మెమరీ సముదాయం విడిగా ఉండే పెద్ద యంత్రాలకు ఇది సరిపోలేదు.

రెండవ తరం బూట్‌మెమ్. 1999లో, 2.3 అభివృద్ధి కాలంలో, ఇంగో మోల్నార్ దీనిని ప్రవేశపెట్టాడు. ఇందులో పేజీకి ఒక బిట్ చొప్పున ఒక పటం ఉంటుంది. బిట్ 0 అయితే ఆ పేజీ ఖాళీ, 1 అయితే ఆక్రమితం. రైలు బోగీలో బెర్తుల చార్టు వంటిది ఇది. తిరిగి ఇవ్వటం సాధ్యమైంది. ఒక్కొక్క మెమరీ సముదాయానికి వేరువేరు పటాలు పెట్టుకొనే వీలు కలిగింది.

ఐతే ఈ పటానికే చోటు కావాలి. 128 మెగాబైట్ల యంత్రంలో 32,768 పేజీలు, అంటే పటానికి 4 కిలోబైట్లు చాలు. ఎవరూ పట్టించుకోలేదు. 1 టెరాబైటు మెమరీ గల యంత్రంలో అదే పటం 32 మెగాబైట్లు అవుతుంది. ఆ 32 మెగాబైట్లకు నిర్విఘ్నమైన చోటును పటం పుట్టకముందే చేత్తో వెదికి పెట్టాలి. పాత చిక్కే కొంచెం చిన్న రూపంలో మళ్ళీ ఎదురైందన్నమాట.

మూడవ తరం మెమ్‌బ్లాక్. దీని మూలం 2001లో ఐబీఎం సంస్థకు చెందిన పీటర్ బెర్గ్‌నర్ పవర్‌పీసీ ప్రాసెసర్ల కోసం వ్రాసిన చిన్న ప్రోగ్రాము. 2010లో ఇది మెమ్‌బ్లాక్ అన్న పేరుతో ఎక్స్86 యంత్రాలకు కూడా వచ్చింది. తరువాత ఒక్కొక్క ప్రాసెసర్ కుటుంబం దీనిలోకి మారింది. చివరకు 2018 డిసెంబరులో వెలువడిన 4.20 కెర్నెల్‌లో బూట్‌మెమ్‌ను పూర్తిగా తొలగించారు. ఒక తాత్కాలిక వ్యవస్థను మార్చటానికి ఎనిమిదేళ్ళకు పైగా పట్టిందంటే ఈ పని ఎంత జాగ్రత్తగా చేయవలసినదో గ్రహించవచ్చు.

రెండు పట్టీలు

మెమ్‌బ్లాక్‌లో ఉన్నవి ముఖ్యంగా రెండే పట్టీలు. ఒకదానిలో యంత్రంలో ఉన్న మెమరీ ముక్కలు, రెండవదానిలో ఆక్రమితమైన ముక్కలు వ్రాసి ఉంటాయి. ప్రతి పంక్తిలో ముక్క ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడవు, ఏ సముదాయానికి చెందినది, ప్రత్యేకమైన గుర్తులేవైనా ఉన్నాయా అన్న నాలుగు సంగతులు మాత్రమే ఉంటాయి. ఖాళీల పట్టీ అంటూ వేరే లేదు. మొదటి పట్టీ నుండి రెండవ పట్టీని తీసివేస్తే మిగిలినదే ఖాళీ.

ఎవరైనా మెమరీ కోరినప్పుడు మెమ్‌బ్లాక్ ఈ రెండు పట్టీలను పక్కపక్కన పెట్టుకొని, సాధారణంగా పై చిరునామాల నుండి కిందికి వెదుకుతుంది. దిగువ చిరునామాలను మాత్రమే అందుకోగల పరికరాల కోసం అడుగు భాగాన్ని మిగల్చటం ఇందులోని ప్రయోజనం. కోరినంత చోటు దొరకగానే రెండవ పట్టీలో ఒక పంక్తి చేరుస్తుంది. పక్కపక్క ముక్కలు ఒకే సముదాయానికి, ఒకే గుర్తుకు చెందినవైతే వాటిని కలిపి ఒకే పంక్తిగా చేస్తుంది. యంత్రంలో 16 గిగాబైట్లున్నా, 1 టెరాబైటున్నా పద్దు పరిమాణం మెమరీ పరిమాణాన్నిబట్టి పెరగదు, ముక్కల సంఖ్యనుబట్టి మాత్రమే పెరుగుతుంది.

మరి ఈ పట్టీలకు చోటెక్కడిది? సామెతలోని ముడిని విప్పినది ఇక్కడే. ఒక్కొక్క పట్టీకి 128 పంక్తులకు సరిపోయే చోటును కెర్నెల్ ప్రతిబింబంలోనే ముందుగా అట్టిపెట్టి ఉంచారు. 64 బిట్ల యంత్రంలో పంక్తికి 24 బైట్ల చొప్పున ఒక పట్టీకి 3 కిలోబైట్లు. కెర్నెల్‌ను బూట్ లోడర్ మెమరీలోకి తెచ్చినప్పుడు ఈ ఖాళీ కాగితాలు కూడా దానితోనే వచ్చేస్తాయి. సైటుకు మొదటిసారి వెళ్ళే ఇంజనీరు ఒక నోటుపుస్తకాన్ని తన సంచిలోనే వేసుకొని వెళ్ళినట్లు. అక్కడికి వెళ్ళి పుస్తకం కోసం ఎవరినీ అడగనక్కరలేదు.

128 పంక్తులు చాలకపోతే? కొన్ని యంత్రాలలో ఫర్మ్‌వేర్ అంతకు మించిన ముక్కలను చూపుతుంది. అప్పుడు పట్టీని రెట్టింపు చేయాలి. కొత్త పట్టీకి చోటును మెమ్‌బ్లాక్ తన దగ్గరనుండే తీసుకోవాలి. ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. ఏదో ఒక చోటును ఆక్రమితమని నమోదు చేయబోతూ ఉండగా పట్టీ నిండిపోయిందనుకోండి. ఆ చోటు ఇంకా పద్దులోకి ఎక్కలేదు కనుక ఖాళీగానే కనబడుతుంది. కొత్త పట్టీని తీసుకువెళ్ళి సరిగ్గా అక్కడే పెట్టే ప్రమాదం ఉన్నది. అందువలన రెట్టింపు చేసే భాగం, నమోదు కాబోతున్న చోటును కూడా తప్పించుకొని వెదికేటట్లు వ్రాశారు. అంతేగాక, ఎక్స్86 యంత్రాలలో ముందున్న ఆక్రమితాలన్నీ నమోదయ్యేవరకు రెట్టింపునకు అనుమతి ఇవ్వరు. మూలసూత్రం మరొకసారి గుర్తుకు రావటం లేదా?

అప్పగింత

ఏ ప్రాజెక్టులోనైనా నిర్మాణ విభాగం నుండి నిర్వహణ విభాగానికి అప్పగింత జరిగే రోజు ముఖ్యమైనది. తాళాలు, పటాలు, మిగిలిన సరుకుల పట్టిక, పూర్తికాని పనుల జాబితా, అన్నీ సంతకాలతో చేతులు మారాలి. కెర్నెల్‌లోను అటువంటి ఘట్టం ఒకటున్నది.

బడ్డీ పద్ధతికి కావలసిన వివరపత్రాలన్నింటికీ చోటిచ్చేది మెమ్‌బ్లాకే. ఆ పత్రాలు తయారయ్యాక మెమ్‌బ్లాక్ తన రెండు పట్టీలను మొదటి నుండి చివరి దాకా చదువుతూ, ఆక్రమితం కాని ప్రతి పేజీని బడ్డీకి అప్పజెబుతుంది. ఒక పేజీలో కొంతభాగమే ఆక్రమితమైనా ఆ పేజీ మొత్తాన్ని అప్పగింత నుండి మినహాయిస్తారు. సందేహం ఉన్నచోట ఇవ్వకపోవటమే క్షేమం. ఆ క్షణం నుండి కొత్త కోరికలన్నీ బడ్డీకే పోవాలి.

టెరాబైట్ల మెమరీ గల భారీ యంత్రాలలో కోట్ల కొద్దీ వివరపత్రాలను ఒక్క ప్రాసెసరే వ్రాస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుంది. అందువలన 2015లో వచ్చిన 4.2 కెర్నెల్ నుండి కొంతభాగాన్ని ముందుగా సిద్ధంచేసి, మిగిలినదానిని తక్కిన ప్రాసెసర్లు మేలుకొన్న తరువాత పంచుకొని పూర్తిచేసే ఏర్పాటు జరిగింది.

చివరగా, తాత్కాలిక సిబ్బంది సెలవు తీసుకుంటారు. తొలిదశలో మాత్రమే పనికివచ్చే ప్రోగ్రాము భాగాలను కెర్నెల్‌లో ఒకచోట చేర్చి ఉంచుతారు. పని ముగియగానే ఆ చోటు కూడా ఖాళీ మెమరీలో కలుస్తుంది. ఎక్స్86 యంత్రాలలో మెమ్‌బ్లాక్ కూడా ఈ విధంగానే తెరమరుగవుతుంది. బూట్ సందేశాలలో వాడని కెర్నెల్ మెమరీని విడుదల చేస్తున్నామని వచ్చే పంక్తికి అర్థమిదే.

మొదటి మెగాబైటు సంగతి

ఈ శాస్త్రంలో అనుభవం నేర్పిన పాఠాలకు ఒక ఉదాహరణ చెప్పుకోవాలి. కొన్ని యంత్రాలలోని బయోస్, మెమరీ అడుగు భాగంలో కొంత ప్రాంతాన్ని వాడుకోవచ్చునని చెబుతూనే, తరువాత తానే అక్కడ రహస్యంగా వ్రాస్తూ ఉండేది. ఆ చోటును కెర్నెల్ మరొకరికి ఇచ్చి ఉంటే వారి సమాచారం కారణం తెలియకుండా పాడయ్యేది. దీనికి విరుగుడుగా ఎక్స్86 కెర్నెల్‌లో మొదటి 64 కిలోబైట్లను ఎవరికీ ఇవ్వకుండా ఉంచే ఏర్పాటు చాలాకాలం నడిచింది.

ఐనా ఏ యంత్రంలో ఏ చోటు నమ్మదగినదో విడివిడిగా తేల్చటం సాధ్యం కాలేదు. చివరకు 2021లో, 5.13 కెర్నెల్‌లో, మొదటి 1 మెగాబైటును మొత్తంగా ఆక్రమితమని నమోదు చేయాలని నిర్ణయించారు. గిగాబైట్ల మెమరీ గల యంత్రానికి ఒక మెగాబైటు లెక్కలోనిది కాదు. దానికోసం వందలాది యంత్రాల స్వభావాలను పరిశీలిస్తూ కూర్చోవటం కంటే వదిలివేయటమే వివేకం. హైటెన్షన్ తీగల కింద పదిగజాల స్థలం ఖాళీగా ఉన్నా అక్కడ మనం షెడ్డు వేయము కదా!

ఈ విషయాన్ని తేలికగా తీసుకోరాదు. ఆఫీసు కంప్యూటరులో ఒక ఉత్తరం పాడైతే మళ్ళీ టైపు చేసుకోవచ్చు. కొలిమి ఉష్ణోగ్రతలను నమోదు చేసే యంత్రంలోనో, జీతాల లెక్కలు వేసే సర్వరులోనో ఒక అంకె నిశ్శబ్దంగా మారితే దానిని పట్టుకొనేది ఎవరు? యంత్రం ఆగలేదు, దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి, కాగితంపై అంకె మాత్రం నిజం కాదు. తొలిక్షణంలో పద్దు సరిగా ఉండటం ఆ తరువాతి పనులన్నింటికీ ఆధారం.

మనకు పనికివచ్చే సంగతులు

ఇక కంప్యూటర్ విభాగంలోని మిత్రులకు, ఆసక్తిగల ఇతరులకు పనికివచ్చే విషయాలు కొన్ని.

16 గిగాబైట్ల మెమరీ కొన్నాం, 15 పైచిలుకే చూపుతున్నదేమిటని చాలామంది అడుగుతుంటారు. అమ్మినవారు మోసం చేయలేదు. ఫర్మ్‌వేర్ అట్టిపెట్టుకున్నది కొంత, మదర్‌బోర్డుతో కలిసివచ్చిన గ్రాఫిక్స్ భాగం తీసుకున్నది కొంత, పైన చెప్పుకున్న 256 మెగాబైట్ల వివరపత్రాలు, కెర్నెల్ సొంత పరిమాణం పోగా మిగిలినదే మనకు కనబడుతుంది. లినక్స్ బూట్ సందేశాలలో మెమరీ అన్న మాటతో మొదలయ్యే పంక్తిలో మొత్తమెంత, అందుబాటులో ఉన్నదెంత, కెర్నెల్‌కు పోయినదెంత, ఆక్రమితమెంత అన్నది కిలోబైట్లలో వ్రాసి ఉంటుంది. కొత్త సర్వరును స్వీకరించేటప్పుడు ఆ పంక్తిని ఒక కాగితంపై వ్రాసి ఉంచుకోవటం మంచి అలవాటు. తరువాత ఎన్నడైనా మెమరీ చిప్ ఒకటి పనిచేయటం మానితే ఆ అంకెలో వచ్చిన తేడాయే ముందుగా చెబుతుంది.

ముఖ్యమైన సర్వర్లలో కెర్నెల్ కుప్పకూలినప్పుడు కారణం తెలుసుకోవటానికి రెండవ కెర్నెల్ ఒకటి సిద్ధంగా ఉండే ఏర్పాటున్నది. మొదటిది కూలగానే రెండవది లేచి, మొదటిదాని మెమరీ ప్రతిబింబాన్ని డిస్కుపై భద్రపరుస్తుంది. దీనికి కావలసిన చోటును బూట్ సమయంలోనే, ఆజ్ఞల వరుసలో క్రాష్‌కెర్నెల్ అన్న మాట ద్వారా కోరి ఉంచాలి. యంత్రం రోజుల తరబడి నడిచిన తరువాత అంత పెద్ద అఖండమైన ముక్క దొరకటం దుర్లభం. ప్రమాదం జరిగిన తరువాత అగ్నిమాపక శకటానికి దారి వెదకకూడదన్నది మన భద్రతా విభాగం వారు ఎప్పుడూ చెప్పే మాటే.

మారుమూల స్టేషనులోని యంత్రంలో మెమరీలో ఒక చిన్న భాగం చెడినట్లు పరీక్షలో తేలి, కొత్త చిప్ రావటానికి నాలుగు రోజులు పట్టేటట్లుంటే, మెమ్‌మ్యాప్ అన్న ఆజ్ఞతో ఆ చిరునామాల ముక్కను ఆక్రమితమని ప్రకటించి యంత్రాన్ని నడిపించుకోవచ్చు. ఇది తాత్కాలిక ఉపాయమే. చిప్ మార్చటానికి ప్రత్యామ్నాయం కాదు. చెడిన భాగం వ్యాపించే అవకాశం ఉన్నది కనుక ఇండెంటు పెట్టటంలో జాప్యం చేయరాదు. అలాగే మెమ్‌బ్లాక్ డీబగ్ అన్న ఆజ్ఞను చేరిస్తే తొలిదశ కేటాయింపులన్నీ ఒక్కొక్కటిగా బూట్ సందేశాలలో నమోదవుతాయి. కెర్నెల్ లోపలి పనితీరును నేర్చుకోదలచిన యువ ఇంజనీర్లకు ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం దొరకదు. ఐతే ఈ ప్రయోగాలను ఉత్పత్తిలో ఉన్న యంత్రంపై గాక, విడిగా ఉన్న పరీక్షా యంత్రంపైనే చేయవలసిందిగా మనవి.

మొత్తం మీద ఈ తాత్కాలిక కేటాయింపుదారు ఉద్యోగకాలం చాలా యంత్రాలలో సెకను కంటే తక్కువే. తెరపై పేరు కనబడదు, పని ముగిశాక జాడ కూడా మిగలదు. కాని ఉన్నదెంతో ముందు తెలుసుకోవటం, ఇతరులది ఏదో ముందే వ్రాసుకోవటం, మిగిలినదానినుండి మాత్రమే ఇవ్వటం, చివరకు ప్రతి పైసాకు లెక్కచెప్పి తప్పుకోవటం అన్న నాలుగు పనులను అది పొల్లుపోకుండా చేస్తేనే ఆ తరువాత నెలల తరబడి యంత్రం నిలకడగా నడుస్తుంది.

అప్పగింత స్వీకరించిన బడ్డీ పద్ధతి, ఖాళీ పేజీలను జంటలు జంటలుగా విడదీస్తూ, మళ్ళీ కలుపుతూ మెమరీని ఎలా నిర్వహిస్తుందో వచ్చే సంచికలో తెలుసుకుందాం. 1965లో కెన్నెత్ నోల్టన్ ప్రచురించిన ఆ ఆలోచన అరవై ఏళ్ళ తరువాత కూడా చెక్కుచెదరకుండా నిలవటానికి కారణాలేమిటో పరిశీలిద్దాం. అంతవరకు మీ సందేహాలను ఎప్పటివలెనే సంపాదక వర్గానికి వ్రాసి పంపగలరు.